మూడో చరణంలో నాన్న

ఇసోమురా రేవు,
ఏప్రిల్, 1973

ఫుసా,

నీ రికార్డు చేరింది. అట్టపెట్టె నలగలేదు, లోపలిది విరగలేదు. పోస్టాయన గడపలో నిలబడి "ఇదేనా, ఇదేనా" అంటూ కదిలితేనా! మనింట్లో దాన్ని మోగించే యంత్రం ఎక్కడేడిచింది? జాలర్ల సంఘం ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అక్కడి గుమాస్తా తెలివైనవాడు, దాన్ని ఆఫీసు యంత్రం మీద వేసి, తిన్నగా చేపల వేలంపాట మైకు ముందు పెట్టేశాడు. ఇంక చూసుకో, రేవంతా నీ గొంతే.

మేమంతా చేపలు కోస్తున్నాం. "రాని పడవ" మొదలవగానే కత్తులు ఆగిపోయాయి. ఒసే పిల్లా, నువ్వింత బాగా పాడతావని నాకెందుకు చెప్పలేదే! ఇంట్లో గిన్నెలు తోముతూ కూనిరాగాలు తీస్తే "నోర్ముయ్" అనేదాన్ని. నాన్న పనేదో ఉన్నట్టు వెనకాల తాళ్ళు చుడుతూ నిలబడ్డాడు. అయిపోయాక అందరూ తనకేసి చూస్తుంటే, "బాగానే పాడింది గానీ, చివర్లో ఆ గొంతు వణుకేమిటే? టోక్యోలో అంత చలా?" అన్నాడు. అని వెంటనే వెళ్ళి ముక్కు చీదుకొచ్చాడు.

అంతా బాగుంది. ఆ మూడో చరణమే నాకు మింగుడు పడలేదు. సముద్రం మింగిన తండ్రిని కూతురు అలలకి అడ్డం కట్టిన అలకట్ట మీద నిలబడి పిలవడం. సరే, ఎన్కా పాటన్నాక ఎవరో ఒకరు పోవాలి, ఎవరో ఒకరు ఏడవాలి. కానీ అట్ట వెనకాల గుమాస్తా పైకి చదివాడు: "తండ్రిని కడలికి అర్పించిన ఉత్తరాది రేవు పిల్ల, తన కన్నీటితో పాడిన పాట." అందరూ నాన్నకేసి తిరిగారు. నాన్న తన పొట్ట తడుముకుని, "ఒంట్లో బాగానే ఉందే!" అన్నాడు. ఒకటే నవ్వులు.

ఇవావో మాత్రం నవ్వలేదు. నాన్న పనిచేసే పడవ ఆయనదే కదా. నోట్లో సిగరెట్టు తీసి నేలకేసి రాసి లేచిపోయాడు. ఇక్కడి వాళ్ళ సంగతి నీకు తెలియనిదా, పడవ మీద చావు, మునక లాంటి మాటలు పలకనే పలకరు. అచ్చేసినవాళ్ళెవరో పొరపాటు పడి ఉంటారు. చెప్పి మార్పించు.

మీ బావ నిన్ను అడిగానన్నాడు. ఒళ్ళు జాగ్రత్త.

అక్క
కినుయో

*

టోక్యో,
మే నెల

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, నాన్న ముక్కు చీదిన చోట నేనూ చీదాను.

అది పొరపాటు కాదు. నీ దగ్గర దాచలేను.

ఓగాకి గురువుగారింట్లో ఇన్నేళ్ళూ నేనేం చేశానో నీకు పూర్తిగా రాయలేదు. నేల తుడవడం, ఆయన సంచి మోయడం, ఆయన మనవడికి స్నానం. పాట ఎవరూ నేర్పరు, తలుపు అవతల నుంచి విని నేర్చుకోవాలి. చివరికి ఆయన నాకంటూ ఈ పాట కట్టారు, పాడేటప్పటికి ఇసోనో ఫుయుకో అని పేరూ పెట్టారు. రికార్డొచ్చాక బీరుపెట్టెలు బోర్లించి, వాటి మీద కిమోనోతో నిలబడి, షాపు షాపు ముందూ పాడాను. జనం గొడుగులు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. బార్లలో తాగినవాళ్ళు నా చేతిలో మైకు లాక్కునేవాళ్ళు. ఇంకో నెల అలాగే ఉంటే నన్ను ఇంటికి పంపేస్తామని కంపెనీవాళ్ళు చెప్పేశారు.

అప్పుడు రేడియోలో అడిగారు. "మీ నాన్నగారూ జాలరే కదండీ. అయితే ఈ పాటలో లాగే...?" నేను నోరు తెరిచేలోపు అద్దం అవతల హిదాకా గారు, మా కంపెనీలో నా పనులన్నీ చూసే ఆయన, చెయ్యెత్తారు. ఆగు అన్నట్టు. నేను తల వంచుకున్నాను. అంతే అక్కా. అబద్ధం ఆడలేదు. తల వంచుకున్నాను.

మర్నాటి నుంచీ రికార్డులు నిలవలేదు. అట్టలు కొత్తగా అచ్చేశారు. నీకొచ్చింది ఆ కొత్తదే.

వేసవి గడవనీ. ఏ పాటైనా పాతబడుతుంది, దాంతో పాటు ఇదీ అందరూ మరిచిపోతారు. పత్రికలవాళ్ళొస్తే నాన్నని కాస్త లోపలికి పంపు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఫుసా

*

ఇసోమురా,
ఆగస్టు, పెద్దల పండుగ వెళ్ళాక

ఫుసా,

పాట పాతబడుతుందన్నావు. ఎక్కడ? ఇప్పుడిక్కడ పసిపిల్లల్ని దానితోనే జోకొడుతున్నారు. మన రేవుకి బస్సులొస్తున్నాయి తెలుసా? అలకట్ట చివర నిలబడి ఫొటోలు తీసుకుని, ముక్కులు తుడుచుకుని, సత్రంలో భోంచేసి వెళ్తారు. సత్రం యజమానురాలు నన్ను చూస్తే వంగి వంగి దణ్ణాలు. నాన్న వీధిలోకొస్తే మాత్రం, "తొమేజో గారూ, వెనక దారిన వెళ్ళండి, బస్సొచ్చే వేళయింది" అంటోంది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికినవాడికి మొహమే లేకుండా పోయింది.

అదంతా ఓర్చుకున్నాను. పండుగలో జరిగింది విను.

పోయిన పెద్దల్ని సాగనంపే సందెవేళ ఎప్పట్లాగే ఒక్కొక్కరి పేరునా నీళ్ళలో దీపాలు వదిలాం. అమ్మ దీపం నేను వదిలాను. నాన్న నా పక్కనే ఉన్నాడు. ఇంతలో నీ అభిమానుల సంఘమట, ఎక్కడి నుంచో ఓ గుంపు, ఇంతెత్తు కాగితపు దీపం మోసుకొచ్చారు. దాని మీద నాన్న పేరు. ఏ పత్రికలో చూశారో ఏమో, పేరు కూడా తప్పు పోలేదు. నేను అడ్డం పడేలోపే నీళ్ళలో పెట్టేశారు. దండాలు పెట్టారు. "నా పేరు ఎంత చక్కగా రాశారో చూడవే, నా జన్మలో నేనలా రాసుకోలేను" అన్నాడు నాన్న, నా చెయ్యి గట్టిగా పట్టుకుని. మిగతా దీపాలు ఎప్పట్లా రాళ్ళ దగ్గర గుమిగూడాయి. అదొక్కటీ అలకట్ట దాటి తిన్నగా సముద్రంలోకి పోయింది. ఊరంతా చూసింది.

మర్నాడు ఇవావో వచ్చాడు. చాప మీద కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆనించి అన్నాడు: "తొమేజో అన్నా, నువ్విక ఒడ్డునే ఉండు. సాగనంపేసిన మనిషిని మళ్ళీ పడవెక్కించుకుంటే సముద్రం వాడి కోసం వెతుక్కుంటూ వస్తుంది. వచ్చి వాడొక్కడితో పోదు. నా పడవలో పిల్లల తండ్రులున్నారు." ఆయనకి వల ముడి వెయ్యడం నేర్పింది నాన్నే. నాన్న తిడతాడనుకున్నా. "నీ చోట నేనున్నా ఇదే అంటాను" అన్నాడు. ఫుసా, ఆయన తిట్టి ఉంటే నేను ఇంత భయపడేదాన్ని కాదు.

ఇప్పుడు ఏ పడవా ఆయన్ని ఎక్కించుకోదు. పొద్దున్నే లేచి, బూట్లేసుకుని, రేవు దాకా వెళ్ళి, తాళ్ళు విప్పడానికి సాయం పట్టి, పడవలన్నీ వెళ్ళాక ఇంటికొస్తాడు. సముద్రం లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడో నేను నీకు చెప్పాలా?

దీనికి మందు ఒక్కటేనట, ఇవావోనే చెప్పాడు. ఎంతమందికి వినపడేలా పోయాడన్నారో, అంతమందికీ వినపడేలా ఉన్నాడని చెప్పాలి. అదే నోటితో. ఇక్కడ మేమెంత అరిచినా లాభం లేదు. చెప్పు. చెప్పేసి ఇంటికొచ్చెయ్యి, చేపలు కోసుకు బతుకుదాం.

కినుయో

*

టోక్యో,
సెప్టెంబరు

అక్కకి,

చెప్పడానికి వెళ్ళాను. నిజంగా వెళ్ళాను.

హిదాకా గారు కోప్పడలేదు. తనే టీ పోసిచ్చి, "మీ నాన్నగారు బతికున్నందుకు నాకూ సంతోషమే. కానీ తమవాళ్ళని పోగొట్టుకున్న ఆడవాళ్ళు దేశమంతా నీ పాట పెట్టుకుని ఏడ్చారు. వాళ్ళకేమని చెబుతావు? ఊరికే అన్నానండీ అంటావా?" అన్నారు. గురువుగారేమో, "అంతమంది కొన్నాక ఆ పాట నీదీ కాదు, నాదీ కాదు" అని లోపలికెళ్ళిపోయారు. నేను నోరెత్తితే ఆయన ఇల్లు కూడా నాతోపాటే కూలుతుంది. నాకు అన్నం పెట్టిన ఇల్లది.

ఏడాది చివరి రాత్రి పాటల పోటీకి నన్ను పిలుస్తారంటున్నారు. దేశమంతా కూర్చుని చూసే పోటీ.

ఇంకో మాట. అక్టోబరులో టెలివిజన్ వాళ్ళతో నేను ఇసోమురా వస్తున్నాను. అలకట్ట మీద పాడిస్తారు. ఆ రోజుకి నాన్నని బావ వాళ్ళ మేనమామ ఇంటికి పంపించెయ్యి. నేను మనింటికి రాకూడదన్నారు. నాన్న ఫొటో ఒకటి ఉంటే వాళ్ళకివ్వాలట, నల్ల రిబ్బను వాళ్ళే తెచ్చుకుంటారట. ఫొటో లేదని చెప్పేశాను. అంతవరకు చేశాను.

నన్ను తిట్టు, కానీ ఆ రోజు నాన్న అక్కడ ఉండకూడదు.

ఫుసా

*

ఇసోమురా,
అక్టోబరు

ఫుసా,

నువ్వు వచ్చావు, వెళ్ళావు. ఇంటి ముందు నుంచి నల్లకారులో వెళ్ళావు. కిటికీ తెర వేసి ఉంది.

నాన్న మీ బావ మేనమామ ఇంటికి వెళ్ళలేదు. బస్సెక్కించి వచ్చాను, తర్వాతి ఊళ్ళో దిగి నడిచొచ్చేశాడు. వానకోటు తొడుక్కుని, టోపీ కిందికి లాక్కుని జనంలో నిలబడ్డాడు. కెమెరా పట్టుకున్న కుర్రాడొకడు, "తాతా, కాస్త పక్కకి, అమ్మాయి ఏడుపు కనపడట్లా" అన్నాడు. నాన్న తప్పుకున్నాడు. "క్షమించండి" కూడా అన్నాడు.

మూడో చరణంలో నువ్వు ఆయన్ని చూశావు. కాదనకు. నీ గొంతు ఆగిపోయింది. ఊపిరి పీల్చుకున్నావు. తర్వాత సముద్రం వైపు తిరిగి, "నాన్నా" అని పిలిచావు. ఆయన నీ వెనకాలే ఉన్నాడే, ఫుసా! నువ్వు సముద్రాన్ని పిలిచావు. అక్కడున్న పెద్దమనిషి, హిదాకానో ఎవడో, చప్పట్లు కొట్టాడు. అంత బాగా ఎప్పుడూ రాలేదట.

నాన్న ఇంటికొచ్చి గంటసేపు బూట్లు విప్పలేదు. "నాకూ ఏడుపొచ్చిందే. ఆ పోయినవాడెవడో పాపం అనిపించింది" అన్నాడు. ఇప్పుడాయన అన్నం నాతో కలిసి తినడు. గిన్నె పట్టుకెళ్ళి అమ్మ ఫొటో దగ్గర కూర్చుంటాడు. నిన్న బస్సు దిగిన వాళ్ళెవరో "మీరు తొమేజో గారికి తెలుసా?" అని అడిగితే, "తెలుసు, మంచివాడే, కాస్త మొండి" అన్నాడట. మా గుమాస్తా చెప్పి నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

నాకు భయంగా ఉంది. నీ మీద కోపం చేసుకునే ఓపిక కూడా లేనంత భయంగా ఉంది.

కినుయో

*

టోక్యో,
నవంబరు

ప్రియమైన అభిమానికి,

"రాని పడవ" పాటను మీ గుండెల్లో పెట్టుకున్నందుకు కృతజ్ఞతలు. చలికాలం ముదురుతోంది. మీరూ మీ కుటుంబమూ ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటూ,

ఇసోనో ఫుయుకో

*

ఇసోమురా,
నవంబరు

ఇసోనో ఫుయుకో గారికి,

మీ ఆఫీసులో ఎవరో మా చిరునామాని కూడా అభిమానుల చిరునామాల్లో కలిపేసినట్టున్నారు. కార్డు అందింది. సంతకం కూడా అచ్చుదే.

మా కుటుంబం ఆరోగ్యం అడిగారు. మా ఆయన చలికాలం కూలికి చీబా వెళ్ళిపోయాడు, అక్కడేవో భవనాలు కడుతున్నారు. ఆయన చిన్న పడవ ఒడ్డున బోర్లా పడుకుని ఉంది. మా నాన్న ఆరోగ్యం సంగతి మీకు బాగా తెలుసు, దేశమంతటికీ చెప్పేది మీరే కదా.

కినుయో

*

టోక్యో,
డిసెంబరు మొదట్లో

అక్కా,

ఆ కార్డు నాకు తెలియకుండా వెళ్ళింది. తెలియదని చెబితే తప్పు పోతుందా, పోదు. నీ జవాబు చదివి నిన్న రోజంతా ఏమీ తినలేకపోయాను. మనింట్లో నన్ను "గారు" అని పిలిచింది నువ్వొక్కదానివే. చెంప మీద కొట్టినా ఇంత తగిలేది కాదు.

టెలివిజన్ వాళ్ళు ఇసోమురాలో తీసింది నిన్న మా అందరికీ చూపించారు. నేను ఆగిపోయిన చోటు రాగానే గదిలో అందరూ కుర్చీల్లో ముందుకి వంగారు. నేను నన్ను చూడలేదు అక్కా. బొమ్మలో ఒక మూల వానకోటు కనపడింది. నేను సముద్రం వైపు తిరిగి పిలిచినప్పుడు, జనమంతా తలలు వంచి దణ్ణం పెట్టారు. నాన్న కూడా పెట్టాడు. టోపీ తీసి, రెండు చేతులూ జోడించి, తనకి తనే దణ్ణం పెట్టుకున్నాడు. నేను లేచి బయటికొచ్చేశాను.

నన్ను పోటీకి పిలిచారు. ఒప్పుకున్నాను. ఎందుకో చెబుతాను, ఎవరికీ అనకు.

ఆ రాత్రి అంతా ఉన్నదున్నట్టు ప్రసారమవుతుంది, మధ్యలో కత్తిరించడం కుదరదు. రెండో చరణం అయ్యాక వాయిద్యాలు కాసేపు వాయిస్తాయి. అప్పుడు మైకులో చెప్పేస్తాను. మా నాన్న పేరు తొమేజో. ఇసోమురా రేవులో ఉన్నారు. బతికున్నారు. ఈ పాట ఇప్పుడు వింటున్నారు. ఇంతే. తర్వాత మూడో చరణం పాడనిస్తే పాడతాను, లాక్కెళ్తే వెళ్తాను. గురువుగారి గడప తొక్కలేను, తెలుసు. హిదాకా గారు ఏం చేస్తారో తెలియదు. అయినా ఇంత కుదురుగా ఈ ఏడాదంతా ఎప్పుడూ లేను.

ఇది నాన్నకి చదివి వినిపించు. ఇవావో గారికి కూడా చెప్పు. అంతమందికీ వినపడేలా, అదే నోటితో చెబుతున్నాను.

నాన్నని నా మీద అలగొద్దను. కొత్తేడాదికి ఇంటికొస్తాను. చేపలు కొయ్యడం మర్చిపోలేదు.

ఫుసా

*

ఇసోమురా,
డిసెంబరు

ఫుసా,

ఈ ఉత్తరం రాయడానికి ఎంతసేపటి నుంచి కూర్చున్నానో నాకే తెలియదు. కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నాన్న వల బాగుచేస్తున్నాడు. చదివి వినిపించాను. "మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. "ఆ బతికున్నారన్న చోట మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. లేచి మొహం కడుక్కున్నాడు. గడ్డం గీసుకున్నాడు, పండుగ దగ్గర్నుంచీ గీసుకోలేదు. ఇవావో ఇంటికెళ్ళి అడిగొచ్చాడు. "ఫుసాని చెప్పనీ అన్నా, మర్నాడే నేనే వచ్చి నిన్ను తీసుకెళ్తా" అన్నాడట ఇవావో. ఆ సాయంత్రం గిన్నె తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుని తిన్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు కూడా. ఎన్నాళ్ళకో అంత నవ్వాడే. "పాడుముండ, చెప్పేదేదో ముందే చెప్పి ఏడవచ్చుగా" అని నిన్ను తిట్టాడు, ముద్దుగా.

రెండు రోజులు బాగా గడిచాయి. మూడోనాడు తెల్లారేసరికి సముద్రం మీద ఉరిమింది. డిసెంబరులో ఉరిమితే ఇక్కడేమవుతుందో నీకు చెప్పాలా? ఏడాదిలో ఆ నాలుగు రోజులే గుడ్లు పెట్టడానికొచ్చే ఉరుముల చేప ఒడ్డుకొచ్చేసింది. నీళ్ళు తెల్లబడిపోయాయి. పడవలన్నీ వెళ్ళిపోయాయి. నాన్న ఒడ్డున నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు. "ఇంకెన్ని రోజులు నాన్నా, ఆగు" అన్నాను. "నేనాగుతాను, చేప ఆగుతుందా? ఫుసా వస్తానంది. అది చిన్నప్పుడు గుడ్లన్నీ ఏరుకుతిని చేప నీకు వదిలేసేది. రెండు బుట్టలు ఉప్పులో వేసి ఉంచుదాం. మీ ఆయన పడవ ఊరికే పడుంది కదా, రేవు నోటి దాకా వెళ్ళొస్తా" అన్నాడు.

పడవ నేనే తోశాను, ఫుసా. ఆయన మొహం అంత సంతోషంగా ఉంటే కాదనలేకపోయాను.

తోడు రమ్మని ఇద్దర్ని అడిగాడట. "ముప్పై ఒకటి దాటనీ తాతా" అన్నారట వాళ్ళు. వాళ్ళని అనుకుని ఏం లాభం. వల లాగేటప్పుడు ఒక మనిషి పడవని అలకి ఎదురుగా పట్టుకోవాలి. ఒక్కడే ఉన్నాడు. రెండో మనిషి ఉంటే ఏమీ అయ్యేది కాదని ఇవావో గోడకి తల కొట్టుకుంటున్నాడు. ఆయన పడవే నాన్నని తెచ్చింది. ఎక్కించుకోనన్న పడవలో, వాళ్ళ కోట్లన్నీ కప్పి, పడుకోబెట్టి తెచ్చారు.

నేను నీకు తంతి ఇవ్వలేదు. మీ కంపెనీకి ఫోను చెయ్యలేదు. మీ హిదాకా చెవిన పడితే కెమెరాలు దింపుతాడు. దహనం మేమే చేసుకున్నాం. నీ వాటా ఏడుపు కూడా నేనే ఏడ్చాను, తప్పో ఒప్పో నాకు తెలియదు.

ఇంక ఆ రాత్రి సంగతి. నువ్వు చెప్పాలనుకున్న మాట చెబితే ఇప్పుడది అబద్ధమవుతుంది. చెప్పకుండా పాడితే నీ పాటలో తప్పేమీ లేదు, అక్షరం అక్షరం నిజమే. ఏం చేస్తావో నువ్వే చూసుకో. నేను నిన్ను శపించడం లేదు. శపించాలని కూర్చున్నాను, చెయ్యి రాలేదు. పడవ తోసిన చెయ్యి కదా.

నిన్న అలకట్ట మీద అగరొత్తులు వెలిగిస్తుంటే బస్సొచ్చింది. ఇంత మంచులో కూడా వస్తున్నారు. ముసలావిడ ఒకావిడ వచ్చి నా పక్కన వంగి, తనూ ఒకటి వెలిగించి, "ఆ పాటలో పిల్ల నాన్నగారి కోసమేనా అమ్మా? మీరు వాళ్ళ బంధువులా?" అంది. అవునన్నాను. "పాపం, ఎన్నేళ్ళయిందమ్మా ఆయన పోయి?" అంది.

"మొన్ననండీ" అన్నాను.

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. నా వీపు నిమిరి, "అవును తల్లీ, మనవాళ్ళు ఎప్పుడు పోయినా మొన్ననే పోయినట్టుంటుంది" అంది. తర్వాత బస్సు హారను కొడితే వెళ్ళిపోయింది.

అక్క